అన్నదమ్ముల్ని మింగిన పేగు జబ్బు.. దానికి మందులు వచ్చింది ఆ ఇంటి కుర్రాడి ల్యాబ్ నుంచే! కోడిపిల్లల బరువు పెంచిన మిస్టరీ వెనకా మన సుబ్బారావే

ఉదయగిరి, నెల్లూరు జిల్లా: ఉదయగిరి చెక్క చెంచాలు తెలుసు కదా. జీఐ గుర్తింపు కూడా వచ్చిన చెంచాలవి. అదే చెక్క గరిటెతో, ఒకే గిన్నెలోంచి, ఇద్దరికి ఒకే కొలతలో అన్నం పెట్టండి. ఏడాది తిరిగేసరికి ఒకరు ఒళ్లు చేస్తారు. ఇంకొకరు ఎంత తిన్నా పుల్లలాగే ఉంటారు. ఆత్మకూరు వైపు గొర్రెలు కాసేవాళ్లకైతే ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఒకే బీడులో మేసిన రెండు పొట్టేళ్లు సంత నాటికి ఒకే తూకం తూగవు.

మన పెద్దవాళ్లు దీన్ని ఒంటికి పట్టడం, పట్టకపోవడం అంటారు. ఈ పట్టడంలో మన పేగుల్లో కాపురం ఉండే బ్యాక్టీరియాకు కూడా వాటా ఉందని సైన్స్ ఇప్పుడు చెబుతోంది. అవి మారితే మనిషి బరువు మారొచ్చు. పెరగొచ్చు, తగ్గొచ్చు కూడా.

ఇదేదో నిన్నమొన్న ఇంటర్నెట్‌లో పుట్టిన ముచ్చట అనుకుంటే పొరపాటే. పేగుల్లో బ్యాక్టీరియాను కదిపితే బరువు మారుతుందని తొలిసారి పెద్ద ఎత్తున బయటపడింది 1948 డిసెంబర్‌లో. అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే చిన్న ఊళ్లో. ఆ ల్యాబ్‌లో పరిశోధనలన్నిటికీ అంతకు కొద్ది నెలల ముందు వరకు పెద్ద దిక్కు ఒక తెలుగాయన. పేరు ఎల్లాప్రగడ సుబ్బారావు. భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో పెరిగారు.

ఆయన జీవితం మొత్తం చూస్తే ఈ పేగుల గొడవ మొదటి నుంచీ వెంటాడుతూనే ఉంది.

ఇంట్లోంచి పారిపోయిన పిల్లాడు

1895 జనవరి 12న పుట్టారు సుబ్బారావు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ. ఇంటినిండా పిల్లలు. తండ్రి ఆరోగ్యం పాడై ఉద్యోగం ముందే వదులుకోవాల్సి రావడంతో ఇల్లు గడవడమే కష్టమైంది.

ఈయనేమో చదువులో అంత చురుకేం కాదు. పదమూడేళ్ల వయసులో డబ్బు సంపాదిద్దామని ఇంట్లోంచి పారిపోయాడు. ప్లాన్ ఏంటంటే.. కాశీకి వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మడం! మధ్యలోనే పట్టుకుని వెనక్కి తెచ్చారు. తల్లి ఊరుకోలేదు, మళ్లీ బడికి పంపింది. మెట్రిక్ రెండుసార్లు తప్పాడు. మూడోసారి మద్రాసులో గట్టెక్కాడు. ఈ చదువుల కోసం తల్లి ఒంటి మీద బంగారం కూడా అమ్ముకుందని చెబుతారు.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్ అయ్యాక సన్యాసం పుచ్చుకుందామని రామకృష్ణ మిషన్ చుట్టూ తిరిగాడు. తల్లి ఒప్పుకోలేదు. తల్లి ఒప్పుకోకుండా మిషన్ వాళ్లూ చేర్చుకోలేదు. డాక్టర్ చదివి సేవ చేయమని అక్కడి పెద్దలు దారి చూపించారు. అలా 1915లో మద్రాస్ మెడికల్ కాలేజీలో అడుగుపెట్టాడు. 1919లో అనపర్తికి చెందిన శేషగిరితో పెళ్లి. చదువు ఖర్చుల్లో మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి చేయి వేశారు.

అప్పుడు గాంధీ గాలి బలంగా వీస్తోంది. సుబ్బారావు ఆపరేషన్ గౌను కూడా ఖద్దరుదే వేసుకెళ్లాడు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. మిగతా సబ్జెక్టుల్లో బాగానే రాసినా చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే ఒక మెట్టు కింద ఉండే ఎల్‌ఎంఎస్ సర్టిఫికెట్. ఆ పట్టాతో మద్రాసు ప్రభుత్వ వైద్య సర్వీసులో చేరదామంటే కుదరలేదు.

రోజుల తేడాలో ఇద్దరు

ఇక్కడే అసలు దెబ్బ తగిలింది. ఇంట్లో ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. జబ్బు పేరు ట్రాపికల్ స్ప్రూ. మన వైద్యుల భాషలో గ్రహణి, సంగ్రహణి అనే కోవలోది. డాక్టర్ చదువు చదివిన మనిషి ఇంట్లో ఉండి కూడా చేయగలిగింది ఏమీ లేదు. ఎందుకంటే అప్పటికి ఆ జబ్బుకు ఇంగ్లిష్ వైద్యంలో మందే లేదు.

స్ప్రూ ఎలా చంపుతుందో కాస్త వివరంగా చెప్పుకోవాలి. మిగతా కథంతా దాని మీదే నడుస్తుంది మరి.

చిన్నపేగు లోపలి గోడ నున్నగా ఉండదు. మందపాటి టర్కీ టవల్ మీద దారపు పోగుల్లా సన్నటి మొలకలు లక్షల్లో ఉంటాయి. తిన్న తిండిలోని సారం వాటి గుండానే రక్తంలోకి వెళ్తుంది. స్ప్రూ వచ్చినవాళ్లలో ఈ మొలకలు అరిగిపోయి పొట్టివైపోతాయి. తిన్న కొవ్వు ఒంటికి పట్టకుండా విరేచనంలో పోతుంది. నాలుక పుండవుతుంది. రక్తం తగ్గిపోతుంది. మనిషి తింటూనే ఉంటాడు, కానీ వారవారానికీ బట్టలు వదులైపోతుంటాయి. ఆకలి చావు కాదది. కంచంలో అన్నం ఉండగా వచ్చే చావు.

దీనికి బ్యాక్టీరియాతో ఏం సంబంధం? ఆరోగ్యంగా ఉన్న మనిషికి చిన్నపేగు పైభాగంలో బ్యాక్టీరియా చాలా తక్కువగా ఉంటుంది. అసలు మంద అంతా ఉండేది పెద్దపేగులో. స్ప్రూ రోగుల్లో మాత్రం ఉండకూడని చోట, అంటే చిన్నపేగు పైభాగంలో, క్లెబ్సియెల్లా, ఈ.కోలై లాంటి రకాలు తిష్ట వేస్తాయి. ఈ సంగతి తేలడానికి ఇంకా దశాబ్దాలు పట్టింది. సోదరుల్ని పోగొట్టుకున్న రోజున సుబ్బారావుకు ఇందులో ఒక్క ముక్క కూడా తెలిసే అవకాశం లేదు.

అంతలో ఆయనకూ స్ప్రూ వచ్చింది! బతికించింది ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి. కోలుకున్నాక మద్రాసులోని ఆయుర్వేద కాలేజీలోనే అనాటమీ చెప్పే ఉద్యోగంలో చేరాడు. పాఠం చెబుతున్నాడన్నమాటే గానీ, మనసు అక్కడ లేదు. ఈ జబ్బు ఎందుకు వస్తుంది, ఎలా పోతుంది అన్నది తేల్చాలంటే పరిశోధన నేర్చుకోవాలి. అది నేర్పే చోటు అప్పుడు మన దగ్గర లేదు.

బోస్టన్‌లో బెడ్ ప్యాన్లు

మామగారి డబ్బు, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ట్రస్టు సాయం కలిపి 1920ల మొదట్లో ఓడెక్కాడు. భార్య గర్భవతి. మూడేళ్లలో వచ్చేస్తానన్నది మాట. పుట్టిన బాబు పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడనే లేదు. ఆ తర్వాత కూడా సుబ్బారావు ఇండియాకు తిరిగి రాలేదు. శేషగిరి ఇక్కడే ఎదురుచూస్తూ ఉండిపోయారు. ఆయన గొప్పతనం గురించి రాసేవాళ్లు చాలామంది ఈ సంగతి ఒక్క లైన్‌లో దాటేస్తుంటారు. దాటేసేంత చిన్న విషయమైతే కాదు.

బోస్టన్‌లో హార్వర్డ్ ట్రాపికల్ మెడిసిన్ స్కూల్లో సీటు దొరికింది, స్కాలర్‌షిప్ దొరకలేదు. పగలు క్లాసు. రాత్రి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రిలో రోగుల బెడ్ ప్యాన్లు శుభ్రం చేసే పని. 1924లో డిప్లొమా అందుకుని, అక్కడే బయోకెమిస్ట్రీలో సైరస్ ఫిస్క్ దగ్గర చేరాడు.

వచ్చింది స్ప్రూ కోసం. చేతికొచ్చిన పని వేరే. రక్తంలో, మూత్రంలో ఫాస్పరస్ ఎంత ఉందో రంగును బట్టి లెక్కకట్టే పద్ధతి ఒకటి ఇద్దరూ కలిసి 1925లో తయారు చేశారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అంటే బయోకెమిస్ట్రీ చదివిన పిల్లలు ఇప్పటికీ గుర్తుపడతారు. ఆ కొలతతోనే కండరాల్లో ఫాస్ఫోక్రియేటిన్‌ను 1927లో, ఏటీపీని 1929లో బయటికి తీశారు. ఏటీపీని అదే సమయంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా పట్టుకున్నాడు.

ఏటీపీ అంటే ఏంటి? మనం తిన్న సంగటి అయినా, బిర్యానీ అయినా, ఒంట్లో చివరికి ఖర్చయ్యే రూపం అదే. సెల్ దగ్గర చెల్లే చిల్లర నాణెం అనుకోండి. కండరం కదలాలన్నా, మెదడు ఆలోచించాలన్నా ఆ నాణెమే కావాలి. తిండి మిగిలితే కొవ్వుగా దాచుకుంటుంది ఒళ్లు. అంటే బరువు లెక్కలో ఖర్చు వైపు ఉన్న అసలు కరెన్సీని గుర్తించిన కొద్దిమందిలో సుబ్బారావు ఒకరు. జమ వైపు లెక్క, అంటే పేగుల సంగతి, ఇంకా మిగిలే ఉంది.

1930లో పీహెచ్‌డీ వచ్చింది. హార్వర్డ్‌లో పర్మినెంట్ పోస్టు మాత్రం రాలేదు. పదేళ్లు చూసి, 1940లో లెడర్లే అనే మందుల కంపెనీకి మారిపోయారు. అమెరికన్ సయనమిడ్ వాళ్ల కంపెనీ అది. కొద్దికాలానికే అక్కడ పరిశోధన డైరెక్టర్ అయ్యారు. యూనివర్సిటీ వదిలి కంపెనీకి పోవడం అప్పట్లో పెద్ద గౌరవమేమీ కాదు. కానీ పాత పగ తీర్చుకోవడానికి కావాల్సిన డబ్బు, మనుషులు, పెద్ద పెద్ద ట్యాంకులు ఆ కంపెనీలోనే ఉన్నాయి.

మొదటి మందు: ఫోలిక్ యాసిడ్

1930 ప్రాంతంలో బొంబాయిలో లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ డాక్టరమ్మ బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులను పరీక్షిస్తుండేది. రక్తం లేక తెల్లగా పాలిపోయి ఉండేవాళ్లు. ఈస్ట్‌తో చేసిన మార్మైట్ తినిపిస్తే తేరుకునేవాళ్లు. ఈస్ట్‌లో, లివర్‌లో ఏదో ఉంది. అదేంటో ఎవరికీ తెలీదు.

ఆ ఏదో అన్నదాన్ని పట్టుకోవడానికి సుబ్బారావు లెడర్లేలో పెద్ద టీమ్‌నే దింపారు. ఇక్కడ ఒక తమాషా ఉంది. ఆ పదార్థం ఎంత ఉందో కొలవడానికి వాళ్లు వాడింది బ్యాక్టీరియానే! లాక్టోబాసిల్లస్ కేసియై అనే రకం అది లేకపోతే పెరగదు. బ్యాక్టీరియా ఎంత గుబురుగా పెరిగితే అంత పదార్థం ఉన్నట్టు లెక్క. టన్నుల కొద్దీ లివర్‌ను వడగట్టినా గ్రాముల్లో దొరకడమే గగనం. చివరికి ఇంకో సూక్ష్మజీవిని ట్యాంకుల్లో పెంచి దాన్నుంచి రాబట్టారు. దాని నిర్మాణం విప్పి, 1945లో ల్యాబ్‌లోనే తయారు చేశామని ప్రకటించారు. ఆ పేపర్ మీద పదహారు మంది పేర్లు ఉన్నాయి. అదే ఫోలిక్ యాసిడ్.

టామ్ స్పైస్ అనే డాక్టర్ దాన్ని క్యూబా, ప్యూర్టోరికో లాంటి చోట్ల రక్తహీనత రోగులకు, స్ప్రూ రోగులకు ఇచ్చి చూశాడు. నాలుక పుండు మానింది, రక్తం పుంజుకుంది, ఆకలి వేసింది, బరువు పెరిగింది. సోదరులు పోయి పాతికేళ్లు దగ్గర పడుతున్నాయప్పటికి.

అయితే ఫోలిక్ యాసిడ్ సగం మందే. రక్తం నిలబడుతుంది గానీ, పేగు పైభాగంలో తిష్ట వేసిన బ్యాక్టీరియా అలాగే ఉంటే జబ్బు తిరగబెట్టొచ్చు. మిగతా సగం కూడా అదే ల్యాబ్‌లో, పక్క గదుల్లోనే తయారవుతోంది.

ఇంతకీ ఫోలిక్ యాసిడ్ మనకు కొత్త పేరేం కాదు. ఉదయగిరి అయినా, ఆత్మకూరు అయినా, ప్రభుత్వ ఆస్పత్రిలో గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలో రెండో మందు ఇదే. దాన్ని తిరగేసి, ఫోలిక్ యాసిడ్ పనిని అడ్డుకునే మందులు చేసింది కూడా ఈ టీమే. వాటిలో ఒకదాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ బ్లడ్ క్యాన్సర్ పిల్లలకు ఇచ్చి, 16 మందిలో 10 మందికి కొంతకాలమైనా జబ్బు వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించాడు. ఇప్పటికీ వాడుతున్న మెథోట్రెక్సేట్ ఆ కుటుంబంలోదే. బోదకాలు రాకుండా ఊళ్లలో మింగించే డీఈసీ మాత్రా ఈ ల్యాబ్ పుణ్యమే. ఒక్కోదానికీ ఒక్కో పెద్ద కథ ఉంది, ఇప్పుడు వద్దు.

రెండో మందు: పొలంలో దొరికిన బంగారం

బెంజమిన్ డగ్గర్ మొక్కల శాస్త్రవేత్త. యూనివర్సిటీలో రిటైర్ అయ్యాక, డెబ్బై దాటిన వయసులో, 1944లో లెడర్లేలో చేరాడు. పని ఏంటంటే ఎక్కడెక్కడి మట్టో తెప్పించి, అందులో ఉండే సూక్ష్మజీవులు వేరే బ్యాక్టీరియాను చంపుతున్నాయేమో చూడటం. మిస్సోరి యూనివర్సిటీ పొలం నుంచి వచ్చిన ఒక మట్టి శాంపిల్‌లో బంగారు రంగు పదార్థం ఊరే జీవి కనిపించింది. ఆ మందుకు ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు. పెన్సిలిన్‌కు లొంగని చాలా రకాల బ్యాక్టీరియా మీద పనిచేసింది. టెట్రాసైక్లిన్ అనే మందుల వంశంలో మొదటిది అదే. దొరికింది డగ్గర్‌కు, నడిపించింది సుబ్బారావు.

1948 జులైలో న్యూయార్క్‌లో శాస్త్రవేత్తల సమావేశం పెట్టి ఆ మందు గురించి లోకానికి చెప్పారు. సరిగ్గా అక్కడికి కొన్ని వారాలకే, ఆగస్టు 9 ఉదయం, సుబ్బారావు తన ఇంట్లో నిద్రలోనే చనిపోయి కనిపించారు. గుండెపోటు. వయసు 53. ఆయన పక్కన ఇంటి మనిషి ఒక్కరూ లేరు.

క్రిస్మస్ రోజున కోళ్ల తూకం

ఇప్పుడు వద్దాం బరువు సంగతికి.

లెడర్లేలోనే థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ అనే ఇద్దరు ఉండేవాళ్లు. స్టోక్‌స్టాడ్ ఫోలిక్ యాసిడ్ వేటలో సుబ్బారావుతో కలిసి పనిచేసినవాడే. అప్పటి కోళ్ల రైతుల బాధ ఏంటంటే, చౌకగా దొరికే సోయా దాణా పెడితే పిల్లలు ఎదగవు. చేపల పొడో, లివరో కలిపితే ఎదుగుతాయి, కానీ అది ఖరీదు. అందులో ఉన్న ఎదుగుదల మందు బీ12 విటమిన్ అని అప్పుడప్పుడే తేలింది. ఆరియోమైసిన్ తీసేశాక ట్యాంకు అడుగున మిగిలే పిప్పిలో కూడా బీ12 ఉంటుంది. పారబోసే చెత్త కదా, కోడిపిల్లలకు పెట్టి చూద్దాం అనుకున్నారు.

1948 క్రిస్మస్. ల్యాబ్‌లో అందరూ సెలవులో ఉన్నారు. జూక్స్ ఒక్కడే వచ్చి కోడిపిల్లలను తూకం వేశాడు. పిప్పి తిన్న పిల్లలు మిగతా అన్ని గుంపులకంటే బరువున్నాయి. మంచి లివర్ సారం తిన్నవాటికంటే కూడా! అంటే ఇది ఒక్క బీ12 పని కాదు. ఇంకేదో ఉంది. ఆ ఇంకేదో.. పిప్పిలో కొసరుగా మిగిలిపోయిన ఆరియోమైసిన్.

బ్యాక్టీరియాను చంపే మందు చిటికెడు తింటే జంతువు లావెక్కుతుంది! పందుల్లోనూ అదే జరిగింది. 1950లో ఈ వార్త న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీకి ఎక్కింది. మరుసటి ఏడాదికల్లా దాణాలో యాంటీబయాటిక్ కలపడానికి అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చేసింది.

మందు నేరుగా కండ పెంచుతోందా, పేగుల్లో బ్యాక్టీరియా మారడం వల్ల పెరుగుతోందా? దీన్ని తేల్చడానికి తర్వాత ఒక చక్కని ప్రయోగం చేశారు. అసలు ఏ సూక్ష్మజీవీ సోకకుండా గాజు పెట్టెల్లో పెంచిన కోడిపిల్లలకు యాంటీబయాటిక్ పెట్టారు. బరువు పెరగలేదు. అంటే మందు పనిచేస్తున్నది కోడి మీద కాదు, కోడి పేగుల్లో ఉన్న మంద మీద. పేగు గోడ పల్చబడి సారం బాగా లాగుతుందని, బ్యాక్టీరియా తినేసే వాటా తగ్గుతుందని, వాపు తగ్గుతుందని రకరకాల వివరణలు ఉన్నాయి. పూర్తి లెక్క ఇప్పటికీ శాస్త్రవేత్తల మధ్య చర్చలోనే ఉంది.

మనుషుల మీద కూడా చూశారండోయ్. 1950ల్లో అమెరికా నేవీలో కొత్తగా చేరిన కుర్రాళ్లకు ఏడు వారాలు యాంటీబయాటిక్ ఇస్తే, ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లకంటే ఎక్కువ బరువు పెరిగారు. ఇవాళైతే అలాంటి ప్రయోగానికి ఎవరూ ఒప్పుకోరు.

ఎలుకలు చెప్పిన లెక్క

ఆ తర్వాత యాభై ఏళ్లు ఇది దాణా వ్యాపారుల విషయంగానే ఉండిపోయింది. మళ్లీ పైకి తెచ్చింది అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జెఫ్రీ గోర్డన్ టీమ్. 2004లో వాళ్లు చెప్పిందేంటంటే.. బ్యాక్టీరియా ఉన్న ఎలుకల్లో, ఏమీ లేని ఎలుకలకంటే 42 శాతం ఎక్కువ కొవ్వు ఉంది. తిండి మాత్రం అవి తక్కువే తింటున్నాయి! బ్యాక్టీరియా లేని ఎలుకలకు మామూలు ఎలుకల పేగు బ్యాక్టీరియా ఎక్కిస్తే, రెండు వారాల్లో ఒంట్లో కొవ్వు దాదాపు 60 శాతం పెరిగింది.

2013లో ఇంకో అడుగు వేశారు. కవల పిల్లల్లో ఒకరు లావు, ఒకరు సన్నం ఉన్న జంటలను తీసుకుని, వాళ్ల పేగు బ్యాక్టీరియాను ఎలుకలకు ఎక్కించారు. లావు మనిషిది ఎక్కించిన ఎలుకకు కొవ్వు ఎక్కువ పట్టింది.

ఆగండి, అప్పుడే మెడికల్ షాపుకు పరుగెత్తకండి. ఎలుకల్లో కనిపించింది మనుషుల్లో అంత సూటిగా కనిపించలేదు. మన ఒంట్లో బ్యాక్టీరియా సంఖ్య సుమారు 38 లక్షల కోట్లు, బరువు మాత్రం మొత్తం కలిపి దాదాపు 200 గ్రాములు. వాటిలో ఏది ఎంత పని చేస్తుందో ఇంకా విడదీస్తూనే ఉన్నారు. తిండి, నిద్ర, ఒంటి కష్టం, అమ్మానాన్నల నుంచి వచ్చిన జీన్స్.. ఇవన్నీ కూడా బరువు లెక్కలో ఉన్నవే. ఈ క్యాప్సూల్ మింగితే పది కిలోలు తగ్గుతారు అంటూ ఫోన్‌లో వచ్చే యాడ్‌లకు ఈ పరిశోధనలు పూచీ కాదు.

గట్టిగా పనికొచ్చేలా కనిపిస్తున్నది లావు తగ్గించడంలో కంటే, బక్క పిల్లలకు ఒళ్లు పట్టించడంలో. ఢాకా మురికివాడల్లో బక్కచిక్కిన పసిపిల్లలకు శనగపిండి, వేరుశనగపిండి, సోయాపిండి, పచ్చి అరటికాయ కలిపిన ఆహారం పెట్టి చూశారు. పేగుల్లో మంచి బ్యాక్టీరియాకు ఏది నచ్చుతుందో చూసి కుదిర్చిన మిశ్రమం అది. 2021లో ఫలితాలు వచ్చాయి. అంతకంటే ఎక్కువ క్యాలరీలు ఉన్న మామూలు పౌష్టికాహారం తిన్న పిల్లలకంటే వీళ్లు మెరుగ్గా ఎదిగారు. ఇవేవీ మన వంటింట్లో దొరకనివి కాదు.

గొర్రెకు అదే మందు పెడితే?

కోళ్లు, పందుల సంగతి సరే, ఆత్మకూరు గొర్రెలకు ఇదే కిటుకు పనిచేస్తుందా? అక్కడ లెక్క తిరగబడుతుంది. నెల్లూరు గొర్రె దేశంలోనే ఎత్తైన జాతుల్లో ఒకటి. ఎండు గడ్డి, తుమ్మకాయలు తిని అంత ఎత్తు పెరుగుతుందంటే ఆ గొప్ప అంతా దాని కడుపు మొదటి గదిలో ఉండే సూక్ష్మజీవులదే. గడ్డిని గొర్రె అరిగించుకోలేదు. సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి ఆమ్లాలుగా మారిస్తే, వాటితోనే దానికి శక్తిలో సగానికి పైగా దొరుకుతుంది. పెద్ద గొర్రెకు నోటి ద్వారా ఆరియోమైసిన్ లాంటి మందు గట్టిగా పట్టిస్తే ఆ మందే చచ్చి, జీవం మేత మానేసే ప్రమాదం ఉంది. అందుకే పశువుల డాక్టర్‌ను అడగకుండా మనుషుల మాత్రలు నూరి పోయొద్దని చెప్పేది.

కోళ్ల విషయంలోనూ ప్రపంచం వెనక్కి అడుగేసింది. చిటికెడు మందు రోజూ తిన్న జంతువుల్లో మందుకు చావని మొండి బ్యాక్టీరియా తయారవుతోందని తేలడంతో, బరువు కోసం యాంటీబయాటిక్ పెట్టడాన్ని యూరప్ 2006లో పూర్తిగా ఆపేసింది. అమెరికాలో మనుషులకు ముఖ్యమైన మందులకు 2017 నుంచి ఆ దారి మూసేశారు. మన దేశంలో కొలిస్టిన్ అనే చివరి అస్త్రం లాంటి మందును పశువులు, కోళ్లకు వాడకుండా 2019లో నిషేధించారు. సుబ్బారావు ల్యాబ్ నుంచి వచ్చిన మందుకు ఇది మచ్చే. అయితే కోళ్ల ప్రయోగం మొదలయ్యే నాటికి ఆయన లేరు. ఆయన వెతికింది మనుషుల జబ్బుకు.

ఆ జబ్బు చివరికి ఏమైంది?

1960ల మొదట్లో అప్పటి మద్రాసు రాష్ట్రంలోని ఉత్తర ఆర్కాట్ పల్లెల్లో స్ప్రూ ఊళ్లకు ఊళ్లను పట్టుకుంది. మన నెల్లూరు, చిత్తూరు జిల్లాల వాళ్లు పెద్ద జబ్బు వస్తే బస్సెక్కి వెళ్లే వేలూరు సీఎంసీ ఆస్పత్రి డాక్టర్లే ఆ ఊళ్లు తిరిగి, రోగుల పేగుల్లో ఏముందో ఏళ్ల తరబడి పరీక్షించారు. ఉండకూడని చోట బ్యాక్టీరియా పెరగడం, పేగు మొలకలు అరగడం, ఒంట్లో ఫోలిక్ యాసిడ్ అడుగంటడం.. ఇవన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని నడుస్తాయని ఇలాంటి పరిశోధనలతోనే లోకానికి తెలిసింది.

ఇవాళ ట్రాపికల్ స్ప్రూ అని తేలితే డాక్టర్ రాసే చీటీలో సాధారణంగా రెండు పేర్లు ఉంటాయి. ఒకటి ఫోలిక్ యాసిడ్. రెండోది టెట్రాసైక్లిన్, అంటే ఆరియోమైసిన్ వంశంలోది. మూడు నుంచి ఆరు నెలలు వాడమంటారు. బీ12 తగ్గి ఉంటే దానికి సూదులు వేరుగా ఇస్తారు. పేగు గోడ మీద మొలకలు మళ్లీ వస్తాయి. తిన్నది ఒంటికి పడుతుంది. రక్తహీనత, నాలుక పుండు కొన్ని వారాల్లోనే సర్దుకుంటే, పోయిన బరువు ఆ తర్వాత మెల్లగా తిరిగి వస్తుంది.